గుడ్లు తిన్నదెవరు?

పిల్లలూ! పోయిన వేసవిలో కోరుకొండ నుంచి మీవంటి కుర్రవాడొకడు నాకు జాబు రాశాడు. ఏడో తరగతి చదువుతున్నాడట. అక్షరాలు ముత్యాల్లాగా ఉన్నాయి గాని, జాబు నిండా కోపమే.

"మామయ్యగారూ, మా ఇంట్లో గాజుతొట్టిలో రామ్ చేపల జంట ఉన్నది. ఫిబ్రవరి నుంచి ఇప్పటికి నాలుగుసార్లు గుడ్లు పెట్టాయి. నాలుగుసార్లూ మూడో రోజుకు ఒక్క గుడ్డు మిగల్లేదు. మగచేపే తినేస్తున్నది. నా కళ్ళతో చూశాను. నీళ్ళలో లోపమేమీ లేదు. బజారులో అమ్మే శుద్ధిచేసిన క్యాను నీళ్ళే పోస్తున్నాను. మగచేపను దుకాణంలో ఇచ్చేసి మరొకటి తెచ్చుకుందామని నాన్నగారు అంటున్నారు. ఈ ఆదివారం తీసుకుపోతాం. మీరేమంటారు?"

ఆదివారం అన్న మాట చదవగానే నాకు కంగారు పుట్టింది. ఎందుకో తరవాత చెబుతాను. రాజమండ్రికీ కోరుకొండకూ ఎంతో దూరం లేదు గనుక, శనివారం మధ్యాహ్నమే బస్సెక్కాను. నరసింహస్వామి కొండ కనిపించగానే దిగి, ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. కొండ మెట్లు ఎక్కే ఓపిక ఆ ఎండలో లేదు. కిందనుంచే దణ్ణం పెట్టుకున్నాను.

రామ్ చేపలంటే ఏమిటని మీరు అడగవచ్చు. శ్రీరాముడికీ వీటికీ ఏ సంబంధమూ లేదు. దక్షిణ అమెరికాలో ఒరినోకో అనే మహానది ఉన్నది. దాని పరీవాహకంలో వెనిజులా, కొలంబియా దేశాల గడ్డిమైదానాలలో ఈ చేపలు పుట్టాయి. మాన్యుయెల్ రమీరెజ్ అనే ఆయన పట్టి తెచ్చినవాటిని చూసి, 1948లో ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆయన పేరే పెట్టారు. ఆ రమీరెజ్ నలిగి నలిగి "రామ్" అయింది. మీ బొటనవేలంత ఉంటుంది. పసుపు, నీలం, నలుపు రంగులు. కంటిమీదుగా ఒక నల్లచార. ఇవి సిక్లిడు అనే పెద్ద కుటుంబంలోని మరుగుజ్జులు. మన కాలవల్లో కనబడే తిలాపియా కూడా ఆ కుటుంబానిదే. దాన్ని 1952లో మన దేశానికి తెచ్చారు. అచ్చంగా మన దేశానివైన సిక్లిడులు మాత్రం మూడంటే మూడే జాతులు. కేరళవాళ్ళు కరిమీన్ అని ఇష్టంగా తినేది వాటిలో ఒకటి.

ఈ కుటుంబానికంతకూ ఒక గొప్ప గుణం ఉన్నది. చాలా చేపలు గుడ్లు వదిలేసి తమ దారిన తాము పోతాయి. సిక్లిడులు అలా కాదు, గుడ్లనూ పిల్లలనూ కాపలా కాస్తాయి. రామ్ చేపల్లో తల్లీ తండ్రీ ఇద్దరూ కాస్తారు. ఒక బల్లపరుపు రాయిని ఎన్నుకుని, నోటితో గంటలకొద్దీ శుభ్రం చేస్తాయి. తల్లి వరసలుగా గుడ్లు అంటించుకుంటూ పోతుంటే, తండ్రి వెనకాలే వచ్చి వాటిమీద తన బీజకణాలను విడుస్తుంది. నూరు నుంచి మూడువందల దాకా గుడ్లు ఉంటాయి. ఆ తరవాత వంతులవారీగా రెక్కలతో విసురుతూనే ఉంటాయి. ఎందుకంటారా? గుడ్డు కూడా ఊపిరి పీలుస్తుంది. దాని చుట్టూ నీరు కదలకపోతే ప్రాణవాయువు అందదు.

అంత శ్రద్ధగా విసిరే తండ్రి, మూడోనాడు ఆ గుడ్లనే మింగుతాడా? అదే మన చిక్కు.

నేను వెళ్ళేసరికి కుర్రవాడు తొట్టి ముందు పీట వేసుకుని కూర్చుని ఉన్నాడు. రెండడుగుల తొట్టి. అడుగున తెల్లటి ఇసుక, మధ్య ఒక నాపరాయి ముక్క, చుట్టూ అందంగా పేర్చిన గవ్వలూ ఆలిచిప్పలూ. మగచేప ఒక మూల నిలబడి ఉన్నది. దానికేం తెలుసు, మరునాడు తనకు దేశబహిష్కారమని!

"నువ్వు చూసిందంతా చెప్పు నాయనా," అన్నాను.

"చెప్పడమెందుకండీ, రాసిపెట్టాను," అంటూ ఒక నోటుపుస్తకం తెచ్చాడు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. తారీఖూ గంటా వేసి, చూసిన ప్రతి సంగతీ రాశాడు. నాలుగో కాన్పు గురించి ఇలా ఉన్నది:

"మే 11, సాయంత్రం 5 గంటలు: గుడ్లు పెట్టడం మొదలు. రెండూ విసురుతున్నాయి. మే 12, ఉదయం 7: గుడ్లు తెల్లగా, ముత్యాల్లాగా ఉన్నాయి. సాయంత్రం: గుడ్ల మీద దూదిలాగా ఉన్నది. మే 13, ఉదయం: మగచేప తింటున్నది!!"

మిగిలిన మూడు కాన్పులూ ఇంచుమించు ఇంతే.

"అబ్బాయీ, నువ్వే సాక్ష్యం రాసి, నువ్వే తప్పు తీర్పు చెప్పావు," అన్నాను. వాడు తెల్లబోయి చూశాడు.

చూడండి పిల్లలూ. బతికి ఉన్న రామ్ చేప గుడ్డు లేత తేనెరంగులో, గాజుపూసలాగా అవతలి వెలుగు కనిపించేటట్లు ఉంటుంది. రెండో రోజుకు భూతద్దంతో చూస్తే లోపల నల్లటి కంటి చుక్కలు అగుపిస్తాయి. ముత్యంలాగా తెల్లబడిందంటే ఆ గుడ్డు చచ్చిపోయినట్లే. పైపొర చెడి, లోపలి సొన పాలు విరిగినట్లు విరిగిపోతుంది. చచ్చిన గుడ్డుకు నీటిబూజు పడుతుంది. అదే వాడు చూసిన దూది. ఆ బూజు పక్క గుడ్లకు పాకుతుంది గనుక తల్లిదండ్రులు చెడ్డ గుడ్లను ఏరి తినేస్తాయి. ఆవకాయ జాడీలో బూజు కనబడితే మీ మామ్మ పైన గరిటెతో తీసి పారెయ్యదూ? అటువంటిదే ఇదీను. పుస్తకంలో వాడు రాసిన గంటలు చూడండి. గుడ్లు తెల్లబడింది 12వ తేదీ ఉదయం. మగచేప తిన్నది 13వ తేదీ ఉదయం. చచ్చిన మరునాడు తిన్నవాణ్ణి హంతకుడంటే ఎలా?

లేతవయసు జంటలు మొదటి ఒకటి రెండు కాన్పుల్లో బెదిరిపోయి మంచి గుడ్లను కూడా తినడం లేకపోలేదు. తొట్టిలో వేరే చేపలు వచ్చి వేధించినా, మనుషులు అస్తమానం గాజుమీద వేళ్ళతో కొట్టినా, రాత్రి దీపం ఠక్కున ఆరిపోయినా అలా చేస్తాయి. అందుచేతనే తిన్నది ముందా, తెల్లబడింది ముందా అని చూసుకోవాలి. ముందే తింటే జంటకు నిమ్మళం కావాలి. ముందే తెల్లబడితే లోపం మరొకచోట ఉన్నది.

ఇప్పుడు నా కంగారు సంగతి చెబుతాను. చాలా ఏళ్ళ కిందట నేనూ ఇలాగే ఒక తండ్రి చేపమీద నేరం మోపి, దాన్ని తీసి బకెట్టులో పెట్టాను. వారం రోజుల తరవాత జాలివేసి మళ్ళీ తొట్టిలో వదిలితే, ఆడచేప దాన్ని గుర్తించలేదు. తరిమి తరిమి మూలకు నెట్టింది. రెండు రోజులు నీటికుచ్చు వెనక దాక్కుని, మూడోనాడు చచ్చిపోయింది. కొత్త మగచేపను తెచ్చాను. ఆ జంట పెట్టిన గుడ్లూ తెల్లబడ్డాయి! అప్పటికిగాని నాకు బుద్ధి రాలేదు. సిక్లిడుల జంట ఒకసారి విడిపోతే అతకడం కష్టం.

సరే, గుడ్లు ఎందుకు తెల్లబడ్డాయి? ముందుగా ఆ రెండూ ఆడచేపలేమోనని చూశాను. నవ్వకండి. రెండు ఆడచేపలు జంటకట్టి, రెండూ గుడ్లు పెట్టి, రెండూ భక్తిగా విసరడం కద్దు. ఆ గుడ్లలో బీజం ఉండదు గనుక మరునాటికల్లా అన్నీ తెల్లబడతాయి. ఆడచేప పొట్ట పక్క గులాబిరంగు ఉంటుంది. మగదానికి వీపు రెక్క ముందుభాగంలో ముళ్ళు పొడుగ్గా ఉంటాయి. ఇక్కడ ఒకటి ఆడ, ఒకటి మగ. సందేహం లేదు.

ఇక మిగిలింది నీళ్ళు. కుర్రవాడు ఒప్పుకోడే! "క్యాను నీళ్ళేనండీ పోస్తున్నది. బోరు నీళ్ళు కావు," అన్నాడు.

అంతలో వాడి మామ్మ మజ్జిగ తెచ్చి ఇస్తూ, "బోరు నీళ్ళ మాట ఎత్తకు బాబూ. ఆ నీళ్ళతో కందిపప్పు ఉడికి చావదు. గిన్నెలకు తెల్లగా పొలుసు కడుతుంది," అన్నది. ఆవిడ నోటినుంచి రసాయనశాస్త్రమే వచ్చింది! సున్నపు లవణాలూ మెగ్నీషియం లవణాలూ ఎక్కువగా కరిగి ఉన్న నీటిని కఠినజలం అంటారని మీ పుస్తకంలో చదివే ఉంటారు. అటువంటి నీటిలో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, కాచిన గిన్నెకు పొలుసు పడుతుంది.

రామ్ చేపల జన్మస్థలం ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. అక్కడి వాగుల్లో ఎక్కువగా వాననీరే. లవణాలు చాలా తక్కువ, కాస్త పులుపు కూడా. ఆ చేప గుడ్డుకు ఒకే ఒక సూదిమొనంత రంధ్రం ఉంటుంది. బీజకణం అందులోనుంచే దూరాలి. గుడ్డు నీళ్ళలో పడిన కొద్దిసేపటికే ఆ రంధ్రం మూసుకుపోతుంది. బీజకణం బతికేదీ కొద్దిసేపే. ఈ పనంతా తల్లిదండ్రుల ఒంట్లో జరిగేది కాదు, బయట నీళ్ళలో జరిగేది. అందుచేత ఆ జాతికి అలవాటులేని నీరైతే పెద్ద చేపలు హాయిగా తిరుగుతూ, రంగులీనుతూ, గుడ్లు కూడా పెడతాయి. గుడ్లు మాత్రం ఫలించవు.

నేను రెండు చిన్న గాజు సీసాలు అడిగాను. ఒకదానిలో క్యాను నీళ్ళు, రెండోదానిలో తొట్టి నీళ్ళు సమంగా పోశాం. ఒంటికి రుద్దుకునే సబ్బు కొంచెం గోరువెచ్చని నీళ్ళలో కరిగించి, రెండింటిలోనూ అయిదేసి చుక్కలు వేసి, మూతబిగించి గిలకొట్టాం. (బట్టల పొడి వాడితే ఈ పరీక్ష పనికిరాదు. అది కఠినజలంలో కూడా నురగలు కక్కుతుంది.) క్యాను నీళ్ళ సీసాలో పైదాకా నురగ వచ్చింది. తొట్టి నీళ్ళ సీసాలో నురగ లేదు సరిగదా, పెరుగు విరిగినట్లు తెట్టు కట్టింది.

కుర్రవాడి నోట మాట లేదు. పోసింది మంచినీళ్ళు, తీసింది కఠినజలం. మధ్యలో ఏమైంది?

"ఒక నిమ్మకాయ ఉంటే ఇయ్యండమ్మా," అని వాడి తల్లిని అడిగి తీసుకుని, తొట్టిలోని ఒక గవ్వను పైకి తీసి తుడిచి, విరిగిన అంచుమీద రసం పిండాను. భూతద్దం వాడి చేతికిచ్చాను.

"బుడగలు వస్తున్నాయండీ!" అని అరిచాడు.

గవ్వ అంటే గట్టిపడిన సున్నపు పదార్థమే. పులుపు తగిలితే అది కరుగుతూ బొగ్గుపులుసు వాయువును వదులుతుంది, ఆ బుడగలవే. తొట్టిలో నిమ్మరసం లేదు నిజమే. కాని చేపలు వదిలే ఊపిరిలో అదే బొగ్గుపులుసు వాయువు ఉన్నది. అది నీటిలో కలిస్తే నీరు రవంత పులుస్తుంది. ఆ రవంత పులుపు, రోజూ, నెలల తరబడి, గవ్వలను కొద్దికొద్దిగా కరిగిస్తూనే ఉంటుంది. వాడు కాకినాడ సముద్రపు ఒడ్డున ఏరుకొచ్చిన గవ్వలూ, అక్కడినుంచే సంచిలో తెచ్చిన ఇసుకలోని చిప్ప నూకా, గుడ్లు పెట్టే నాపరాయి కూడా సున్నపు జాతివే. పాపం, వాడు ముచ్చటపడి చేసిన అలంకారమే కొంప ముంచింది.

ఇంకొక దొంగ కూడా బయటపడింది. "ఎండలకు తొట్టి తరిగిపోతుంటే నేనే రోజూ చెంబెడు బోరు నీళ్ళు పోస్తున్నానండీ, ఆయ్," అన్నది వాడి తల్లి. నీరు ఆవిరై పోతుంది గాని, అందులోని లవణాలు ఎక్కడికీ పోవు. పైన మళ్ళీ మళ్ళీ బోరు నీళ్ళు పోస్తే లవణాలు పోగవుతూనే ఉంటాయి. ఉప్పుమళ్ళలో ఉప్పు పండించేది ఈ కిటుకుతోనే గదా!

మగచేప ఆదివారం ప్రయాణం ఆగిపోయింది. వాళ్ళ నాన్నగారు సంచీ మడిచి లోపల పెట్టారు.

తరవాత చేసిన పని పెద్దదేమీ కాదు గాని, తొందరపడితే చెడుతుంది. గవ్వలూ చిప్పలూ నాపరాయీ ఆవేళే తీసేశాం. ఇసుక మార్చడానికి చేపలను కదిలించాలి గనుక, రోజుకు కాస్త చొప్పున గొట్టంతో లాగి, బదులు గోదావరి ఇసుకను నిమ్మరసంతో పరీక్షించి, కడిగి వేసుకొమ్మన్నాను. బుడగలు రాని ఇసుకే వెయ్యాలి. నాపరాయికి మారుగా ఒక పగిలిన మట్టికుండ పెంకు పెట్టాం. నీళ్ళు రెండు రోజులకొకసారి పదోవంతు మాత్రమే మార్చాలి. ఒక్కరోజున అంతా మారిస్తే పెద్ద చేపలే ప్రాణం మీదికి తెచ్చుకుంటాయి.

జూన్‌లో వానలు పడ్డాక క్యాను నీళ్ళ ఖర్చు కూడా తప్పింది. మొదటి రెండు వానలు కప్పుమీది దుమ్మూ రెట్టా కడుక్కుపోనిచ్చి, ఆ తరవాతి వాన నీళ్ళు పట్టుకోవాలి. వాననీరు మూడు పాళ్ళు, బోరు నీరు ఒక పాలు కలపమన్నాను. వట్టి వాననీరు పనికిరాదు. చేపలకు కూడా కొంత లవణం ఉండాలి.

బడి ఆవరణలో ఎర్రబడి రాలే బాదం ఆకులున్నాయి చూడండి, వాటిని కడిగి ఒకటి రెండు తొట్టిలో వేస్తే నీళ్ళు టీ రంగుకు తిరుగుతాయి, కాస్త పులుపెక్కుతాయి. ఎన్నో దేశాల్లో చేపల పెంపకందార్లు ఆ ఆకులు డబ్బిచ్చి కొనుక్కుంటారు. మనం ఊడ్చి తగలబెడతాం. అయితే గవ్వలున్న తొట్టిలో బుట్టెడు ఆకులు వేసినా లాభం లేదు. ఆకులోని పులుపును గవ్వ ఎప్పటికప్పుడు మింగేస్తుంది.

ఈ మరుగుజ్జుల్లోనే అపిస్టోగ్రామా అనే మరో జాతి ఉన్నది. దానికి రాయి కాదు, గుహ కావాలి. సగం కొబ్బరిచిప్పకు అంచున చిన్న గుమ్మం కోసి బోర్లిస్తే సరిపోతుంది. గోదావరి జిల్లాల్లో కొబ్బరిచిప్పలకేం కరువు! దాని కథ ఇంకా చిత్రం. పిల్లలుగా ఉన్నప్పటి నీటి వేడినిబట్టి వాటిలో మగవి ఎక్కువా ఆడవి ఎక్కువా అన్నది మారుతుందట. నీరు బాగా వేడెక్కితే మగపిల్లలే ఎక్కువ. 1996లో జర్మన్ శాస్త్రజ్ఞులు ముప్ఫైకి పైగా జాతులను పెంచి ఈ సంగతి చూశారు. రామ్ చేపలకు మాత్రం 27 నుంచి 30 డిగ్రీల వేడి హాయి. కోరుకొండలో సంక్రాంతి చలిరాత్రులు తప్ప వెచ్చబెట్టే యంత్రంతో పనే లేదు.

ఆగస్టు నెలలో రెండో జాబు వచ్చింది. ఈసారి కోపం లేదు గాని, తొందరలో అక్షరాలు మాత్రం ముత్యాల్లాగా లేవు.

జూలై ఆఖరున పెట్టిన గుడ్లలో సగానికి సగం మళ్ళీ తెల్లబడ్డాయట. వాడు ఏడుపు ముఖం పెట్టి కూర్చున్నాడట. అయితే మిగిలిన సగంలో రెండోనాటికి కంటి చుక్కలు కనబడ్డాయి. మూడోనాటి సాయంత్రానికి పెంకుమీద గుడ్లు లేవు. పరుగెత్తి వెతికితే, ఇసుకలో తవ్విన చిన్న గుంటలో తోకలు ఆడిస్తూ పురుగుల్లాగా పిల్లలు! తల్లీ తండ్రీ వాటిని నోట కరుచుకుని అక్కడికి చేర్చాయి. ఇంకో అయిదు రోజులకు ఈదడం మొదలుపెట్టాయి.

పొట్టకింది సొన అయిపోగానే వాటికి బతికి ఉన్న మేత కావాలి. అందుకు ఆర్టీమియా అనే ఉప్పునీటి జీవుల గుడ్లు డబ్బాలలో వస్తాయి. అమెరికాలో యూటా రాష్ట్రపు ఉప్పు సరస్సునుంచి వచ్చే ఈ డబ్బాలను మన కోస్తాలోని రొయ్యపిల్లల కేంద్రాలవాళ్ళు చాలాకాలంగా వాడుతున్నారు. ఉప్పునీళ్ళలో వేసి గాలి ఊదిస్తే ఒక్క రోజులో పొదుగుతాయి. వాడికి అవి దొరికేటప్పటికి రెండు రోజులు ఆలస్యమై చాలా పిల్లలు చచ్చిపోయాయి. గుడ్లు పెట్టకముందే మేత సిద్ధం చేసుకొమ్మని చెప్పడం నేను మరిచిపోయాను. ఆ తప్పు నాదే. బతికినవి ఇరవై మూడు.

జాబు చివర ఇలా ఉన్నది: "మామయ్యగారూ, నిన్న సాయంత్రం ఒక పిల్ల గుంపు విడిచి దూరంగా పోయింది. తండ్రి చేప వెళ్ళి దాన్ని గబుక్కున నోట్లో వేసుకున్నాడు. మళ్ళీ తినేశాడని నాకు గుండె ఆగినంత పనైంది. కాని గుంపు దగ్గరికి వచ్చి, దాన్ని పిల్లల మధ్య ఉమ్మేశాడు. ఈసారి గంట కూడా రాసుకున్నాను: 6 గంటల 10 నిమిషాలు. గవ్వలు పారెయ్యలేదండీ. మామ్మా అమ్మా వాటితో పచ్చీసు ఆడుతున్నారు. పప్పుకు వాననీళ్ళు కావాలని మామ్మ నా బిందెలోంచి రోజూ రెండు చెంబులు తీసుకుపోతున్నది. వద్దంటే వినడం లేదు. మీరు ఒక ముక్క రాస్తే వింటుందేమో."